ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతున్న మౌసు: బాగుచేసుకునే దారి ఉందా?

బందరు డీటీపీ (ప్రశ్న)

నమస్కారం. మచిలీపట్నంలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు గుడి ఉత్సవాల కరపత్రాలు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చెయ్యి మౌసు మీదే ఉంటుంది. ఆ మౌసే ఇప్పుడు నన్ను ఏడిపిస్తోంది.

ఎడమ బటన్ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకుంటోంది. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడు. ఏ నొక్కు అలా పడుతుందో ముందుగా తెలియదు, నా భయమంతా అదే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఒక అక్షరం దిద్దాలని పదం మధ్యలో నొక్కుతాను. అక్కడ కర్సరు నిలబడాలి. నిలబడకుండా పదమంతా నల్లబడుతుంది. నా చూపు అటు తిరిగేలోపే వేలు కీబోర్డు మీద పడిపోతుంది. పదం పోయి ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. నిన్న ఒక శుభలేఖలో పెళ్ళికూతురి పేరులో ఒత్తు సరిచేద్దామని నొక్కితే పేరే ఎగిరిపోయింది. ప్రూఫు చూసే పెద్దాయన కంటపడింది కాబట్టి సరిపోయింది. అచ్చుకు వెళ్ళి ఉంటే ఆ ఇంటివాళ్ళకు ఏమని చెప్పాలి?

బొమ్మలు గీసే కోరెల్‌డ్రాలో ఇంకో బాధ. కార్డు అంచుకు పెట్టిన మామిడి తోరణం బొమ్మను ఎంచుకుందామని నొక్కితే చుట్టూ నల్లని చదరాలు రావాలి. రెండోసారి కూడా నొక్కినట్టు తీసుకుని తిప్పే బాణాలు వచ్చేస్తున్నాయి. అది చూసుకోకుండా అంచు పట్టుకుని లాగితే బొమ్మ పెరగదు, ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఇక దేన్నయినా పట్టుకుని దూరం లాగుతుంటే సగం దారిలో చేయి వదిలేసినట్టు అక్కడే పడిపోతుంది.

వైరున్న ఆప్టికల్ మౌసు, విండోస్ 10. కొని రెండేళ్ళు దాటింది. శ్రావణమాసం ముహూర్తాల కార్డులు మీదికి వస్తున్నాయి. కొత్తది తెచ్చుకోమని యజమాని గారు అంటున్నారు. కానీ ఇది నా చేతికి అచ్చంగా అమరిన మౌసు. ఈ మోడలు ఇప్పుడు రావడం లేదని షాపులో చెప్పారు. దయచేసి తెలిసినవారు చెప్పండి.

విశాఖ విద్యార్థి

అక్కా, ముందు వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో మౌసు డ్రైవరు తీసేసి కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేయండి, దానంతట అదే మళ్ళీ ఎక్కుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ అన్నచోట డబుల్ క్లిక్ వేగం మార్చే స్లైడరు ఉంటుంది, అది కూడా జరిపి చూడండి. ఫోల్డర్ ఆప్షన్లలో ఒక్క క్లిక్‌తోనే తెరుచుకునే ఏర్పాటు ఎవరైనా పెట్టారేమో కూడా చూడండి. మా ఇంట్లో మా తమ్ముడు అదే పెట్టి మమ్మల్ని తికమక పెట్టాడు.

బందరు డీటీపీ

తమ్ముడూ, చెప్పినవన్నీ చేశాను. ఫోల్డర్ ఆప్షన్లు మామూలుగానే ఉన్నాయి. స్లైడరు ఆ చివర నుంచి ఈ చివర దాకా జరిపాను, తేడా లేదు. మౌసును యజమాని గారి ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే అక్కడా ఇదే వరస. ఆ ల్యాప్‌టాప్‌కు ఉండే మౌసును నా కంప్యూటరుకు పెడితే మాత్రం చక్కగా పనిచేస్తోంది.

సికింద్రాబాద్ సర్వీసు

అమ్మా, ఆ ఆఖరి రెండు మాటలతో సగం పని మీరే పూర్తి చేశారు. జబ్బు మౌసుతో పాటు ప్రయాణం చేస్తోంది, కంప్యూటరులో లేదు. ఒక్క నొక్కు రెండుగా పడటం, అదీ అప్పుడప్పుడే కావడం, లాగుతుంటే మధ్యలో జారిపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఎడమ బటన్ కింద ఉన్న మైక్రో స్విచ్చు అరిగిందని అర్థం. మౌసు పారేయకండి. సెన్సరు, వైరు, చక్రం అన్నీ శుభ్రంగా ఉండగా ఆ ఒక్క స్విచ్చు కోసం చెత్తబుట్టలో పడే మౌసులను రోజూ చూస్తుంటాను. ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మీకు భయం తగ్గుతుంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను. మౌసు విప్పితే బటన్ కింద ఒక చిన్న నల్ల డబ్బా కనిపిస్తుంది. పొడవు 13 మిల్లీమీటర్లు కూడా ఉండదు, వెడల్పు 6 లోపే. పైన తెల్లదో ఎర్రదో నీలిదో ఒక బుల్లి మీట, కింద వరుసగా మూడు కాళ్ళు. ఆ డబ్బా మూత తీస్తే రాగి మిశ్రమంతో చేసిన పలుచని రేకు ఉంటుంది. రేకు మధ్యలో నాలుకలా కోసిన ముక్కను విల్లులా వంచి ఒక గాడిలో ఆనించి పెడతారు. ఆ వంపే రేకుకు బిగువు. మీట కొద్దిగా దిగగానే రేకు కొస పై కాంటాక్టును (అది తాకి ఉండే లోహపు చోటును) వదిలి టక్కున కింది కాంటాక్టు మీద పడుతుంది. మీ చెవికి వినబడే ‘టిక్’ అదే.

లోహం మీద లోహం పడినప్పుడు వెంటనే కుదురుకోదు. గచ్చు మీద వదిలిన గోలీలా ఎగిరెగిరి ఆగుతుంది, కాకపోతే అంతా మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఈ ఎగురుడు కొత్త స్విచ్చుకూ ఉంటుంది. అందుకే మొదటి తాకిడి అందాక కొన్ని మిల్లీసెకన్ల పాటు వచ్చే తడబాటును మౌసులోని చిప్పు పట్టించుకోదు. వాడగా వాడగా రేకు బిగువు తగ్గుతుంది, కాంటాక్టు మీద నల్లని పొర పేరుకుంటుంది. అప్పుడు తడబాటు చిప్పు ఓపిక పట్టే సమయాన్ని దాటిపోతుంది. ఆ దాటిన తాకిడే కంప్యూటరుకు రెండో నొక్కుగా అందుతోంది. లాగేటప్పుడు కూడా కథ ఇదే. మీ వేలు బటన్ మీదే ఉన్నా లోపల రేకు ఒక్క క్షణం కాంటాక్టును వదిలేస్తుంది. మీరే వదిలేశారని కంప్యూటరు అనుకుంటుంది.

స్లైడరు జరిపితే తేడా ఎందుకు రాలేదో కూడా చెబుతాను. రెండు నొక్కులను ఒక డబుల్ క్లిక్‌గా లెక్కించడానికి విండోస్ మామూలుగా 500 మిల్లీసెకన్ల గడువు పెట్టుకుంటుంది. ఆ స్లైడరును వేగం వైపు చివరికంటా జరిపినా గడువు 200 దగ్గరే ఆగిపోతుంది. అరిగిన స్విచ్చు రెండో తాకిడి అంతకంటే ఎంతో ముందే వచ్చి కూర్చుంటుంది. ఏ మనిషి వేలూ అంత వేగంగా రెండుసార్లు నొక్కలేదు.

పైగా మీది బందరు. ఉప్పుగాలి, తేమ తగిలే చోట రాగి త్వరగా నల్లబడుతుంది. ఈ స్విచ్చు గుండా పోయే కరెంటు చాలా స్వల్పం, ఆ పొరను ఛేదించుకుని పోయేంత బలం దానికి ఉండదు.

విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ తెరిస్తే బటన్లకు సంబంధించిన మొదటి పేజీలోనే కుడి ఎడమలను తారుమారు చేసే గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టండి. ఇప్పుడు ఎడమ బటన్ పని కుడి బటన్ చేస్తుంది. అదే పేజీలో పరీక్ష కోసం ఒక ఫోల్డరు బొమ్మ ఉంటుంది. దాని మీద కుడి బటన్‌తో నిదానంగా, నొక్కు నొక్కుకూ మధ్య ఒకటి రెండు సెకన్లు ఆగుతూ నొక్కుతూ పోండి. డబుల్ క్లిక్ పడితేనే ఆ ఫోల్డరు తెరుచుకుంటుంది, కాబట్టి అది కదలకూడదు. తర్వాత టిక్కు తీసేసి ఎడమ బటన్‌తో ఇలాగే చేయండి. ఎడమకు తెరుచుకుని కుడికి తెరుచుకోకపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు మరమ్మతు. ముందు బిల్లు తీసి చూడండి, కొన్ని మౌసులకు మూడేళ్ళ వారంటీ ఉంటుంది. ఉంటే విప్పకుండా మార్పించుకోండి. లేకపోతే మౌసును తిరగేయండి. అడుగున నున్నటి పట్టీలు ఉంటాయి. స్క్రూలు చాలావరకు వాటి కిందో స్టిక్కరు కిందో దాగి ఉంటాయి. హెయిర్ డ్రయ్యరుతో కాస్త వెచ్చచేసి పట్టీని ఒక మూల నుంచి మెల్లగా లేపితే జిగురు పాడవకుండా వస్తుంది. స్క్రూలు తీశాక పై మూతను ఒక్క గుంజున లాగవద్దు. కొన్నింటిలో పై మూతకూ కింది బోర్డుకూ మధ్య సన్నని రిబ్బను తీగ ఉంటుంది, తెగుతుంది.

స్విచ్చు మూడు కాళ్ళ మీదా కొత్త సోల్డర్ (కాళ్ళను బోర్డుకు అతికించే లోహం) కొంచెం కరిగించి కలిపితే పాతది సులువుగా లొంగుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. కరిగినదాన్ని సోల్డర్ పీల్చే పంపుతో పీల్చేయండి. మూడు కాళ్ళూ వదులైతేనే స్విచ్చు పైకి తీయాలి. బలవంతంగా లాగితే బోర్డు మీది రాగి గీత లేచి వస్తుంది, అప్పుడు పని పెరుగుతుంది. కొత్తది పెట్టేటప్పుడు మీట పాతదాని మీట ఎటు ఉందో అటే ఉండాలి. కాళ్ళు సమదూరంలో ఉంటాయి కాబట్టి స్విచ్చు తిరగబడినా దూరిపోతుంది, జాగ్రత్త. అడుగు బోర్డుకు అంటుకుని నిలవాలి. వంకరగా నిలిస్తే బటన్ దానికి సరిగా తగలదు.

ఈ పని మీరే చేయాలని లేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే ఎవరికైనా ఇది పదినిమిషాల పని. స్విచ్చులు ఓమ్రాన్, కైల్, హువానో వంటి కంపెనీలవి ఇదే కొలతల్లో దొరుకుతాయి. 1 కోటి నొక్కులు, 2 కోట్లు, ఇంకా పైన కూడా ఉన్నాయి. హైదరాబాద్ వచ్చేవాళ్ళు ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాల దుకాణాల్లో అడిగించండి. లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అంతవరకూ ఆగలేకపోతే, చాలా మౌసుల్లో కుడి బటన్ కిందా అదే రకం స్విచ్చు ఉంటుంది. కుడి బటన్ వాడకం తక్కువ కాబట్టి ఆ స్విచ్చు ఇంకా గట్టిగానే ఉంటుంది. రెండింటినీ ఒకదాని చోట ఒకటి మార్చి అతికించినా శ్రావణమాసం గట్టెక్కుతుంది.

బటన్ సందులోంచి స్ప్రే కొట్టమని చాలామంది చెబుతారు. ఎలక్ట్రానిక్ కాంటాక్టుల కోసం చేసిన క్లీనరు అయితే పొర వదిలి కొన్నాళ్ళు తేరుకోవచ్చు, కాదనను. తగ్గిన బిగువును మాత్రం ఏ స్ప్రే తిరిగి తేలేదు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు అసలే వద్దు, జిడ్డు మిగిలి దుమ్ము పట్టేస్తుంది. స్విచ్చు మూత తీసి రేకును మళ్ళీ వంచి పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అది ఓపికా భూతద్దమూ రెండూ ఉన్నవాళ్ళ పని. రేకు ఎగిరి కింద పడితే మళ్ళీ దొరకదు.

వరంగల్ గ్రంథాలయం

స్విచ్చు వచ్చేదాకా పని ఆగకూడదు కదా, ఒక దారి చెబుతాను. కీబోర్డుకు కుడివైపు అంకెల గడి ఉంటే దాన్నే మౌసుగా వాడుకోవచ్చు. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కండి. అడిగినదానికి ఎస్ అనండి. ఇక 8, 2, 4, 6 అంకెలతో బాణం పైకీ కిందికీ పక్కలకూ కదులుతుంది. మూలలకు 7, 9, 1, 3. 5 నొక్కితే ఒక క్లిక్, ప్లస్ గుర్తు నొక్కితే డబుల్ క్లిక్. మీకు ముఖ్యమైనది సున్నా. సున్నా నొక్కితే బటన్ పట్టుకున్నట్టు ఉండిపోతుంది, చుక్క నొక్కేదాకా వదలదు.

మరీ బాగుండేది ఏమిటంటే, బాణాన్ని మౌసుతోనే కదిలించి, నొక్కడం వదలడం మాత్రం అంకెల గడితో చేయవచ్చు. పాడైన స్విచ్చును ముట్టుకోకుండానే తోరణాన్ని కార్డు ఈ చివర నుంచి ఆ చివరకు లాగవచ్చు. మా దగ్గర చేతి వణుకున్న ఒక పెద్దాయన కేటలాగు వెతుక్కోవడానికి ఈ పద్ధతే నేర్పాను. ఇప్పుడు మౌసు బటన్ల జోలికి వెళ్ళనే వెళ్ళరు.

అక్షరాలు దిద్దేటప్పుడు కూడా మౌసుతో పదం మీద నొక్కకుండా, పేరాలో దూరంగా ఎక్కడో ఒకచోట నొక్కి, బాణం మీటలతో అక్షరం దాకా వెళ్ళండి. పేర్లున్న పంక్తి మీద మౌసు పెట్టకపోవడమే మంచిది.

గుంటూరు అకౌంట్స్

ఇక్కడే నా సందేహం కూడా అడుగుతున్నాను. నాది వైర్‌లెస్ మౌసు. నొక్కులు బాగానే పడుతున్నాయి, కానీ బాణం ఆగి ఆగి గెంతుతోంది. బ్యాటరీ కొత్తది వేశాను. నెలాఖరు లెక్కల వేళ హార్డ్ డిస్కు పెట్టి బ్యాకప్ తీస్తున్నప్పుడు మరీ ఎక్కువ. నాదీ స్విచ్చేనా?

సికింద్రాబాద్ సర్వీసు

కాదండీ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. హార్డ్ డిస్కు పెట్టినప్పుడే ఎక్కువవుతోందంటే మౌసు రిసీవరును, అంటే మౌసు సంకేతాలు అందుకునే ఆ చిన్న యూఎస్‌బీ ముక్కను, దాని పక్క పోర్టులోనే పెట్టి ఉంటారు. ఆ రిసీవరు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులూ, వాటికి తగిలించిన డిస్కులూ సరిగ్గా ఆ ప్రాంతంలోనే రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. రిసీవరును ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో బయటికి తెచ్చి మౌసు దగ్గర బల్ల మీద పెట్టుకోండి. అదీ కుదరకపోతే డిస్కుకు దూరంగా, కంప్యూటరు రెండో వైపున్న పోర్టులో పెట్టండి.

దానితోనూ తగ్గకపోతే బల్ల చూడండి. ఆప్టికల్ మౌసు అడుగున ఉన్న సెన్సరు బల్ల ఉపరితలాన్ని సెకనుకు వెయ్యిసార్లకు పైగా బొమ్మ తీసుకుంటూ, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య తేడాను బట్టి కదలికను లెక్కిస్తుంది. అద్దం పరిచిన బల్ల మీద దానికి పోల్చుకోవడానికి గరుకుదనమే దొరకదు. మామూలు తెల్లకాగితం కింద పెట్టినా చాలు, తేడా తెలిసిపోతుంది. సెన్సరు కన్నంలో వెంట్రుక ఇరుక్కుందేమో కూడా చూడండి.

బందరు డీటీపీ

అందరికీ ధన్యవాదాలు. మౌసు బాగైంది.

సర్వీసు గారు చెప్పిన పరీక్ష చేశాను. కుడి బటన్‌కు ఫోల్డరు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ఎడమకు మార్చగానే తెరుచుకోవడం మూసుకోవడం మొదలుపెట్టింది. వారంటీ అయిపోయింది. కొత్త స్విచ్చులు వచ్చేదాకా వరంగల్ వారు చెప్పినట్టు ఎడమచేత్తో అంకెల గడి మీద సున్నా, చుక్క నొక్కుతూ, కుడిచేత్తో మౌసు కదుపుతూ పని చేశాను. మొదట్లో చేతులు తడబడ్డాయి, తర్వాత అలవాటైంది. ఆ విధంగా చేసిన కార్డుల్లో ఒక్క పేరూ పోలేదు.

మా వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి స్విచ్చు మార్చాడు. పక్కనే నిలబడి చూశాను. చక్రం చుట్టూ వెంట్రుకలు, కాగితం పొట్టు దారంలా చుట్టుకుని ఉంటే చిమటాతో లాగేశాడు. పాత స్విచ్చు మూత తీసి భూతద్దం కింద పెట్టి చూపించాడు. రేకు కొస తగిలే చోట మసి చుక్కంత నల్లని మచ్చ. రెండేళ్ళు నా వేలు దించినదంతా ఆ చుక్క మీదే పడిందన్నమాట. ఆ నల్లని చుక్క పెళ్ళికూతురి పేరును చెరిపేసిందంటే ఎవరూ నమ్మరు, నేను కళ్ళారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఎడమ బటన్ ఇప్పుడు కుడిదానికంటే గట్టిగా ఉంది, చప్పుడు కూడా ఎక్కువ. ఇది మామూలేనా? రెండోది, జబ్బు పడిన రోజుల్లో కోరెల్‌డ్రాలో ఒరిగిపోయిన బొమ్మలు కొన్ని పాత ఫైళ్ళలో అలాగే ఉండిపోయాయి. కంటికి కొద్దిగానే కనిపిస్తాయి, కానీ కటింగులో తేడా వస్తుంది. వాటిని మళ్ళీ గీయాలా?

సికింద్రాబాద్ సర్వీసు

మామూలేనమ్మా. ఎంత బరువుకు మీట దిగాలన్నది స్విచ్చు రకాన్ని బట్టి మారుతుంది, సాధారణంగా 60 నుంచి 75 గ్రాముల మధ్య ఉంటుంది. అదీకాక కుడివైపున్నది పాతది, బిగువు కొంత తగ్గి ఉంటుంది. వేలికి తేడా ఇబ్బందిగా ఉంటే మిగిలిన కొత్త స్విచ్చు కుడివైపు వేయించండి, రెండూ ఒకేలా పలుకుతాయి. ఆ అబ్బాయి పని శుభ్రంగా చేశాడు. ఊళ్ళో ఎవరి మౌసుకు ఈ జబ్బు వచ్చినా అతని దగ్గరికి పంపండి.

రాజమండ్రి ఫ్లెక్స్ డిజైనింగ్

బొమ్మల సంగతి నేను చెబుతాను, మళ్ళీ గీయనక్కర్లేదు. ఒరిగిన బొమ్మను ఎంచుకుని ఆబ్జెక్ట్ మెనూలో క్లియర్ ట్రాన్స్‌ఫర్మేషన్స్ నొక్కండి. మీ కోరెల్ పాతదైతే అది అరేంజ్ మెనూలో ఉంటుంది. తిప్పినదీ ఒరిగినదీ పోయి బొమ్మ తన అసలు రూపానికి వస్తుంది. మీరు కావాలని పెంచిన కొలత కూడా పోతుంది, కాబట్టి నొక్కే ముందు పైన కనిపించే వెడల్పు, ఎత్తు ఒక కాగితం మీద రాసుకుని, తర్వాత అవే అంకెలు తిరిగి ఇవ్వండి. గ్రూపు చేసిన తోరణమైతే ముందు ఒక కాపీ తీసి దాని మీద చేసి చూడండి. గ్రూపు చేయకముందు కావాలని తిప్పి పెట్టుకున్న ఆకులు కూడా నిలువుగా అయిపోయే ప్రమాదం ఉంది. అలాంటిచోట బొమ్మ మీద రెండోసారి నొక్కి, ఒరగబెట్టే బాణాన్ని పట్టుకుని గైడు గీతకు సరిపోయేలా మీరే సరిచేసుకోవడం మేలు. ఇప్పుడు మౌసు మాట వింటోంది కదా, తేలిగ్గానే అవుతుంది.